గుజ్జు లేని పన్ను

పుచ్చిన పన్నును పీకివేయడం మనిషి ఎరిగిన మిక్కిలి పాత శస్త్రచికిత్సలలో ఒకటి. పీకకుండా నిలుపుకొనడం మాత్రం కొత్త విద్య. నేడు చిన్న చిన్న ఊళ్ళలో కూడా 'రూట్ కెనాల్' అనే మాట వినిపిస్తున్నది. పంటి లోపలి గుజ్జును తీసివేసి, వేళ్ళలో ఉండే సన్నని కాలువలను శుభ్రపరచి, వాటిని గాలి, నీరు చొరకుండా పూడ్చివేసే చికిత్స అది.

ఈ చికిత్స చేయించుకొన్న వారికి సాధారణంగా రెండు విధాల ఆలోచనలు కలుగుతాయి. గుజ్జు తీసిన తరువాత అది చచ్చిన పన్నే గదా, చచ్చినదానిని నోటిలో ఉంచుకొనడం ప్రమాదం కాదా అనేది ఒకటి. నరమే తీసివేసినారు గదా, ఇక ఆ పన్నుకు వచ్చే కష్టమేమున్నది, దానిని ప్రత్యేకంగా చూచుకొనడం ఎందుకు అనేది రెండవది. మొదటిది అనవసరమైన భయం. రెండవది అనవసరమైన ధైర్యం. మొదటి దానివల్ల ఇరవైయవ శతాబ్దపు తొలి భాగంలో అమెరికా, ఇంగ్లండు దేశాలలో లెక్కకు మించిన మంచి పళ్ళు పోయినవి. రెండవ దానివల్ల నేటికీ చికిత్స పొందిన పళ్ళు పోతున్నవి. ఈ రెండింటినీ శాస్త్రజ్ఞులు ఎట్లు పరీక్షించి తేల్చినారో తెలిసికొంటే, చికిత్స తరువాత పన్నును ఎట్లు కాపాడుకోవలెనో కూడా దానంతట అదే బోధపడుతుంది.

పంటి లోపల, పంటి వెలుపల

పన్ను పైకి రాయివలె కనిపించినా అది ఒకే ముద్ద కాదు. చిగురుకు పైన కనబడే భాగాన్ని కిరీటమని, దవడ ఎముకలో దిగి ఉన్న భాగాన్ని వేరని అంటారు. కిరీటానికి పింగాణి పొర కవచం. మానవ శరీరంలో దానికంటె గట్టి పదార్థం మరొకటి లేదు. దాని అడుగున డెంటిన్ అనే పదార్థం ఉన్నది. డెంటిన్ నడుమ ఒక చిన్న గది. ఆ గదిలో రక్తనాళాలు, నరాలు, జీవకణాలు గల మెత్తని గుజ్జు. ఆ గదినుండి వేళ్ళ కొనల వరకు సన్నని కాలువలు దిగుతాయి. ముందరి పళ్ళకు సాధారణంగా ఒక్కటే కాలువ. దవడ పళ్ళకు తరచు మూడో, నాలుగో ఉంటాయి.

గుజ్జు ముఖ్యంగా మూడు పనులు చేస్తుంది. పన్ను ఎదిగే కాలంలో డెంటిన్‌ను తయారుచేయడం మొదటిది. పన్ను అరిగినా, పుచ్చినా లోపలి వైపున మరికొంత డెంటిన్ పేర్చడం రెండవది. చల్లని నీరో, వేడి కాఫీయో పుచ్చిన చోట తగిలినపుడు జివ్వుమనిపించి హెచ్చరించడం మూడవది. పుచ్చు గుజ్జును చేరితే అక్కడ వాపు పుడుతుంది. చేతికో, కాలికో వాపు వచ్చినపుడు చర్మం సాగి దానికి చోటిస్తుంది. పంటిలోని గది గోడలు సాగవు. అందుచేతనే పన్ను నొప్పి అంత తీవ్రంగా ఉంటుంది. చివరకు గుజ్జు చనిపోతే నొప్పి తగ్గుతుంది. రోగి తనకు నయమైనదని సంతోషిస్తాడు. నిజానికి సూక్ష్మజీవులు వేరు కొన వరకు దిగి, అక్కడి ఎముకలో చీముగడ్డకు దారితీసేది ఆ తరువాతనే.

ఇది లోపలి సంగతి. వెలుపల మరొక ఏర్పాటున్నది. వేరును సిమెంటం అనే పలుచని పొర కప్పి ఉంటుంది. దానికీ ఎముకకూ నడుమ సన్నని నారల పొర ఒకటి ఉండి, పన్నును దవడకు కట్టి ఉంచుతుంది. ఈ పొరకు రక్తం పంటి గుజ్జునుండి రాదు. దవడ ఎముకనుండి, చిగుళ్ళనుండి వస్తుంది. దీని నరాలు కూడా వేరు. అన్నంలో చిన్న రాయి పంటి క్రింద పడగానే తెలిసేది ముఖ్యంగా ఈ నారలలోని నరాల వల్లనే. కనుక గుజ్జును పూర్తిగా తీసివేసినా, వేరు చుట్టూ ఉన్న కణాలు బ్రతికే ఉంటాయి. పన్ను దవడను విడిచిపోదు. నమిలేటపుడు స్పర్శ తెలుస్తూనే ఉంటుంది. పోయేది చల్లదనం, వేడి, పుచ్చుపోటు తెలిపే శక్తి మాత్రమే. ఈ తేడాను మనస్సులో ఉంచుకొంటే తరువాతి చరిత్ర సులభంగా అర్థమవుతుంది.

గడియారపు స్ప్రింగు, మలయా చెట్టు పాలు

పంటిలో పురుగు ఉండి తొలుస్తుందనే నమ్మకం ప్రాచీన బాబిలోనియా మొదలుకొని అనేక దేశాలలో ఉండేది. మన పల్లెలలో కూడా పన్ను పుచ్చితే పురుగు పట్టినదని అనడం పరిపాటి. ఫ్రాన్సు దేశీయుడైన పియేర్ ఫౌషార్ 1728లో దంతవైద్యంపై రెండు సంపుటాల గ్రంథం ప్రకటించినాడు. సూక్ష్మదర్శినితో వెదకినా తనకు పంటిలో పురుగు ఏదీ కనబడలేదని ఆయన వ్రాసినాడు. గుజ్జు గదిని తెరచి, చీమును బయటకు పోనిచ్చి, తరువాత పంటిని పూడ్చే పద్ధతిని కూడా వివరించినాడు.

గుజ్జును చంపడానికి 1836లో అమెరికాలో స్పూనర్ అనే దంతవైద్యుడు ఆర్సెనిక్ లవణాన్ని వాడవచ్చునని ప్రకటించినాడు. నొప్పి తగ్గేది, కాని ఆ విషం కాలువ దాటి బయటకు వస్తే చుట్టూ ఉన్న ఎముకను కూడా చంపేది. 1838లో వాషింగ్టన్ నగరంలో ఎడ్వర్డ్ మేనార్డ్ గడియారపు స్ప్రింగును సానబట్టి, కాలువలోనికి పోయే సన్నని పరికరం తయారుచేసినాడు. తుపాకుల నిర్మాణంలో కొత్త పద్ధతులు కనిపెట్టినవాడు కూడా ఈయనే. 1864లో న్యూయార్కు రాష్ట్రానికి చెందిన శాన్‌ఫర్డ్ బార్నమ్ పలుచని రబ్బరు పలకకు రంధ్రం చేసి పంటికి తొడిగి, చికిత్స సమయంలో ఉమ్ము పంటిలోనికి పోకుండా అడ్డుకొన్నాడు. ఆ రబ్బరు తెరను దంతవైద్యులు నేటికీ వాడుతున్నారు.

శుభ్రపరచిన కాలువను దేనితో పూడ్చవలెను? బంగారు రేకు, సీసం, కర్ర ముక్కలు మొదలైన వాటితో ప్రయత్నాలు జరిగినవి. చివరకు నిలిచినది గట్టాపెర్చా. ఇది మలయా ద్వీపకల్పంలోనూ, ఆ చుట్టుపట్ల దీవులలోనూ పెరిగే ఒక చెట్టు పాలు. మన ఇప్పచెట్టు, సపోటా చెట్టు చేరిన కుటుంబంలోనిదే ఆ చెట్టు. వేడి చేస్తే మెత్తబడి, చల్లారితే గట్టిపడే ఈ పదార్థానికి పందొమ్మిదవ శతాబ్దంలో గొప్ప గిరాకీ ఉండేది. సముద్రంలో వేసిన టెలిగ్రాఫు తీగలకు దీనితోనే తొడుగు వేసేవారు. 1867లో సెయింట్ లూయీ నగరానికి చెందిన బౌమన్ దీనిని పంటి కాలువలు పూడ్చడానికి వాడినాడు. నేటికీ చాలా పళ్ళలో కాలువను నింపేది ఇదే.

పరికరాలు, పదార్థాలు సమకూడినవి గాని, పన్ను ఎందుకు చెడుతున్నదో తెలియలేదు. బెర్లిన్ నగరంలో పనిచేసిన అమెరికా దేశీయుడు మిల్లర్ 1890లో నోటిలోని సూక్ష్మజీవులను గూర్చి గ్రంథం వ్రాసినాడు. 1894లో జబ్బుపడిన గుజ్జులో బాక్టీరియాను వర్ణించినాడు. 1895 నవంబరులో రోంట్‌గెన్ ఎక్స్-కిరణాలను కనుగొన్నాడు. కొద్ది వారాలకే, 1896 జనవరిలో, జర్మనీలో వాల్కోఫ్ తన పళ్ళకే ఎక్స్-రే చిత్రం తీయించుకొన్నాడు. అందుకు 25 నిమిషాలు కదలకుండా ఉండవలసి వచ్చినది. అమెరికాలో న్యూ ఆర్లియన్స్ నగరపు ఎడ్మండ్ కెల్స్ 1899లో కాలువలోనికి సన్నని సీసపు తీగను పెట్టి, ఎక్స్-రే చిత్రంతో దాని పొడవు చూచినాడు. అప్పటికి ఈ కిరణాల హాని తెలియదు. కెల్స్ వేళ్ళు, చెయ్యి క్యాన్సరుకు గురియై వరుసగా శస్త్రచికిత్సలతో పోయినవి. ఆయన 1928లో మరణించినాడు. నేడు దంతవైద్యుడు ఒక్క క్షణంలో తీసే చిన్న ఎక్స్-రే చిత్రం వెనుక ఇంత మూల్యం ఉన్నది.

మాంట్రియల్ ఉపన్యాసం

ఈ విధంగా పన్నును నిలిపే విద్య పెరుగుతున్న కాలంలో దానికి పెద్ద దెబ్బ తగిలింది. 1910 అక్టోబరులో లండను వైద్యుడు విలియం హంటర్ కెనడాలోని మాంట్రియల్ నగరంలో మెక్‌గిల్ విశ్వవిద్యాలయ విద్యార్థులకు ఉపన్యాసం ఇచ్చినాడు. పుచ్చిన పళ్ళపైనా, చీము పట్టిన చిగుళ్ళపైనా బంగారు తొడుగులు, వంతెనలు కట్టి, లోపలి కుళ్ళును కప్పిపెడుతున్నారని ఆయన దంతవైద్యులను తీవ్రంగా విమర్శించినాడు. రక్తహీనత, జీర్ణకోశ వ్యాధులు మొదలైన అనేక జబ్బులకు నోటిలోని ఈ కుళ్ళే మూలమన్నాడు. ఆయన చూచినది నిజమైన కుళ్ళునే. ఆనాటి పనితనం చాలచోట్ల హీనంగా ఉండేది.

కాని శిష్యులు గురువును మించిపోయినారు. షికాగోలో ఫ్రాంక్ బిల్లింగ్స్ 'ఫోకల్ ఇన్‌ఫెక్షన్' అనే సిద్ధాంతాన్ని ప్రచారం చేసినాడు. 1916లో ఆ పేరుతోనే పుస్తకం ప్రకటించినాడు. శరీరంలో ఒక మూల దాగి ఉన్న సూక్ష్మజీవుల స్థావరంనుండి అవి రక్తంలో కలిసి, కీళ్ళకు, గుండెకు, మూత్రపిండాలకు జబ్బు తెస్తాయన్నదే ఆ సిద్ధాంతం. ఆ స్థావరాలలో గుజ్జు లేని పళ్ళను మొదటి ముద్దాయిలుగా నిలిపినారు. అప్పుడే వచ్చిన ఎక్స్-రే చిత్రాలలో కొన్ని వేళ్ళ కొనలవద్ద ఎముక కరిగిన నల్లని మచ్చలు కనబడడం అనుమానాన్ని పెంచింది. క్లీవ్‌లాండ్ నగరపు వెస్టన్ ప్రైస్, పీకిన పళ్ళను కుందేళ్ళ చర్మం క్రింద పెట్టి చూచి, పంటి యజమానికి ఉన్న జబ్బే కుందేలుకు వచ్చినదని చెప్పినాడు. 1923లో ఆ ప్రయోగాలను రెండు సంపుటాలలో వెలువరించినాడు.

ఫలితంగా కీళ్ళ నొప్పికీ, కంటి జబ్బుకూ, కారణం తెలియని జ్వరానికీ పళ్ళు పీకడం చికిత్స అయినది. గుజ్జు లేని పళ్ళే కాక, అనుమానం వచ్చిన ఆరోగ్యమైన పళ్ళు కూడా పోయినవి. న్యూ జెర్సీ రాష్ట్రంలోని ట్రెంటన్ మానసిక వైద్యశాల అధిపతి హెన్రీ కాటన్, పిచ్చికి కూడా ఇదే మూలమని నమ్మి రోగుల పళ్ళు పీకించినాడు. పళ్ళతో ఆగక టాన్సిళ్ళు, పెద్దప్రేగు భాగాలు కూడా తీయించినాడు. ఆ శస్త్రచికిత్సలలో అనేకులు చనిపోయినారు. వద్దు అని చెప్పుకొనే స్వేచ్ఛ ఆ రోగులకు లేదు. వైద్యకళాశాలలు కొన్నింటిలో వేరు కాలువ చికిత్స నేర్పడమే తగ్గిపోయినది.

బాక్టీరియా ఎక్కడనుండి వచ్చినది?

పళ్ళు పీకించినవారి వాదానికి బలమైన ఆధారం ఒకటి ఉండేది. పీకిన పన్ను వేరు కొనను తీసి పోషక ద్రవంలో ఉంచితే బాక్టీరియా పెరిగేది. దీనికంటె రుజువు ఏమి కావలెను అని వారు అడిగేవారు.

లండనులో విల్‌ఫ్రెడ్ ఫిష్, మెక్లీన్ అనే ఇద్దరు 1936లో దీనికి సమాధానం చెప్పినారు. పీకేటపుడు పంటిని పట్టకారుతో అటూ ఇటూ కదలిస్తారు. చిగురుకూ పంటికీ నడుమ ఉండే సందులో బాక్టీరియా ఎప్పుడూ ఉంటుంది. ఈ కదలికకు ఆ సందులోని బాక్టీరియా, పంపులో నీరువలె, వేరు చుట్టూ ఉన్న కణాలలోనికి ఎక్కుతుంది. వారు పీకడానికి ముందు చిగురు సందును కాల్చి శుభ్రం చేసి, తరువాత పన్ను పీకి పరీక్షించినారు. బాక్టీరియా కనబడలేదు. అంటే అంతకుముందు వేరు కొనవద్ద కనిపించిన బాక్టీరియాలో చాలభాగం అక్కడ నివసించేది కాదు. పీకే చెయ్యే దానిని అక్కడికి చేర్చినది.

విద్యార్థులు ఈ ప్రయోగాన్ని జాగ్రత్తగా గమనించవలెను. ఒక వస్తువులో ఏదో కనబడినంత మాత్రాన అది మొదటినుండి అక్కడే ఉన్నదని చెప్పలేము. పరీక్షించే పద్ధతే దానిని అక్కడికి తెచ్చి ఉండవచ్చును. ఆ అవకాశాన్ని తొలగించి మరల చూచినపుడే నిర్ణయానికి విలువ ఉంటుంది. కుందేళ్ళ ప్రయోగాలలో లోపించినది కూడా ఇదే. అంత చిన్న జంతువు శరీరంలో అంత బాక్టీరియా పెడితే జబ్బు రావడంలో వింత లేదు. ఇతర వస్తువులతోనూ, శుభ్రమైన పళ్ళతోనూ తగినన్ని పోలికలు చూడనిదే దానినుండి పంటిని దోషిగా తేల్చలేము.

రోగుల లెక్కలు కూడా సిద్ధాంతానికి అనుకూలించలేదు. అమెరికాలో సెసిల్, యాంజివైన్ అనే వైద్యులు 1938లో కీళ్ళవాతం గల 200 మంది రోగుల వివరాలు పరిశీలించి, పళ్ళు, టాన్సిళ్ళు తీయడం వల్ల ఆ జబ్బుకు మేలు జరిగినట్లు కనబడలేదని ప్రకటించినారు. సెసిల్ అంతకుముందు ఆ సిద్ధాంతాన్ని సమర్థించినవాడు కావడం విశేషం. 1940లో రైమన్, హేవెన్స్ మొత్తం వాదాన్ని విమర్శించి, దానికి తగిన ఆధారాలు లేవని తేల్చినారు. ఆ సంవత్సరంలోనే ఫిలడెల్ఫియాకు చెందిన లూయీ గ్రాస్‌మన్ వేరు కాలువ చికిత్సపై పాఠ్యగ్రంథం వెలువరించినాడు. 1943లో షికాగోలో ఈ చికిత్స చేసేవారి సంఘం ఏర్పడినది. 1963లో అమెరికా దంతవైద్య సంఘం దీనిని ప్రత్యేక శాఖగా గుర్తించినది.

నోటి ఆరోగ్యానికీ శరీర ఆరోగ్యానికీ సంబంధమే లేదని దీని అర్థం కాదు. పన్ను పీకినపుడు కొంతసేపు బాక్టీరియా రక్తంలో కనబడుతుందని 1935లోనే ఓకెల్, ఎలియట్ చూపినారు. అందుచేతనే కృత్రిమ గుండె కవాటాలు అమర్చుకొన్నవారికి కొన్ని దంతచికిత్సలకు ముందు నేటికీ యాంటీబయాటిక్ ఇస్తారు. మధుమేహానికీ చిగుళ్ళ జబ్బుకూ ఒకదానివల్ల మరొకటి పెరిగే సంబంధం ఉన్నది. చికిత్స చేయక వదలిన చీము పన్ను ప్రమాదకరమే. సరిగా శుభ్రపరచి పూడ్చిన పన్ను కీళ్ళకో, గుండెకో జబ్బు తెస్తుందనే మాటకే ఆధారం లేదు.

ఎలుకలు చెప్పిన సాక్ష్యం

పన్ను చెడడానికి కారణం బాక్టీరియాయే అని నిస్సందేహంగా చూపిన ప్రయోగం 1965లో అమెరికా దేశంలో జరిగినది. కాకెహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ అనే ముగ్గురు రెండు రకాల ఎలుకలను తీసికొన్నారు. ఒక రకం మామూలు ఎలుకలు. రెండవ రకం పుట్టినది మొదలు ఏ సూక్ష్మజీవీ సోకకుండా పెంచినవి. రెండింటికీ దవడ పన్ను తొలిచి, గుజ్జు బయటపడేటట్లు చేసి అట్లే వదలినారు. తిండి రెండింటి పళ్ళలోనూ ఇరుక్కొన్నది. మామూలు ఎలుకలలో గుజ్జు చనిపోయి చీముగడ్డలు వచ్చినవి. సూక్ష్మజీవులు లేని ఎలుకలలో గుజ్జు బ్రతికి, గాయంపై కొత్త డెంటిన్ పొర కట్టుకొన్నది.

1976లో స్వీడన్ దేశంలో సుండ్‌క్విస్ట్ మనుషుల పళ్ళలో మరొక సంగతి చూచినాడు. దెబ్బ తగిలి గుజ్జు చనిపోయినా పైకి చెక్కుచెదరని పళ్ళను ఆయన పరీక్షించినాడు. కాలువలో బాక్టీరియా దొరికిన పళ్ళన్నింటిలోనూ వేరు కొన ఎముక కరిగి ఉన్నది. ఎముక బాగున్న పళ్ళలో బాక్టీరియా దొరకలేదు. చచ్చిన గుజ్జు తనంతట తాను విషం కాదు. దానిలో బాక్టీరియా కాపురం పెట్టినపుడే జబ్బు.

కనుక వేరు కాలువ చికిత్స సారాంశం ఇది: కాలువలోని బాక్టీరియాను వీలైనంత తొలగించవలెను, తిరిగి రాకుండా తలుపులు మూయవలెను. మొదటి పని దంతవైద్యునిది. రెండవ పనిలో సగం రోగిది. 1995లో రే, ట్రోప్ అనే పరిశోధకులు చికిత్స పొందిన 1,010 పళ్ళ ఎక్స్-రే చిత్రాలు పరిశీలించినారు. కాలువ పనీ, పైన వేసిన పూడికా రెండూ బాగున్న పళ్ళలో నూటికి 91 వేరు కొనవద్ద ఆరోగ్యంగా ఉన్నవి. కాలువ పని బాగుండి పై పూడిక బాగులేని వాటిలో నూటికి 44 మాత్రమే. రెండూ బాగులేని వాటిలో 18. లోపల ఎంత చక్కగా పనిచేసినా, పై కప్పు కారితే ఇల్లు నిలువదని దీనివల్ల తేలుతున్నది.

చికిత్స తరువాత

ఇప్పుడు జాగ్రత్తల మాట. వీటిలో ప్రతి ఒక్కదానికీ కారణం పైన చెప్పిన చరిత్రలోనే ఉన్నది.

చికిత్స జరిగిన కొన్ని రోజులు ఆ పన్నుపై నొక్కితే నొప్పిగా ఉండవచ్చును. నరం తీసినా నొప్పి ఏమిటని ఆశ్చర్యపడనక్కరలేదు. అది వేరు చుట్టూ ఉన్న నారలలోని వాపు. రోజు రోజుకూ తగ్గవలెను. వైద్యుడు చెప్పిన నొప్పి మాత్ర చాలును. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గర్భిణులు అడగకుండా ఇబుప్రోఫెన్ వంటివి వేసికొనరాదు. ఆస్పిరిన్ మాత్రను చిగురుపై అదిమిపెట్టే అలవాటు మంచిది కాదు. అది చిగురును కాల్చుతుంది. మత్తు పూర్తిగా వదలనిదే తినరాదు. పెదవి, నాలుక తెలియకుండా కొరుక్కొనే ప్రమాదం ఉన్నది. జ్వరం, వ్యాపించే వాపు లేనప్పుడు యాంటీబయాటిక్ మాత్రలతో పని లేదు. కాలువలో గుజ్జు పోయినచోటికి రక్తం పోదు. రక్తంతో పోయే మందు అక్కడికి ఎట్లు చేరుతుంది?

నోరు మూసినపుడు ఆ పన్నే ముందుగా తగులుతుంటే దంతవైద్యునికి చెప్పవలెను. ఎత్తుగా ఉన్న పూడికను కొంచెం సానబడితే చాలచోట్ల నొప్పి పోతుంది.

మొదట వేసేది చాలసార్లు తాత్కాలికమైన పూడిక. అది వారాల తరబడి నిలువదు. నొప్పి పోయినదిగదా అని తిరిగి పోకుండా ఉండడం పెద్ద పొరపాటు. శాశ్వతమైన పూడిక పడేవరకు రెండవ ప్రక్కన నమలవలెను. వక్కలు, చెరకు, జంతికలు, వేయించిన సెనగలు ఆ ప్రక్కకు పోనీయరాదు.

దవడ పళ్ళకు సాధారణంగా తొడుగు కావలెను. గుజ్జు తీసినందువల్ల పన్ను ఎండి పెళుసవుతుందని చాలాకాలం అనుకొన్నారు. 1989లో అమెరికాలో జరిగిన కొలతలలో, కాలువకు దారి చేసినందువల్ల పంటి బిగువు సుమారు 5 శాతమే తగ్గినది. పుచ్చువల్ల రెండు ప్రక్కల గోడలూ పోయిన పంటికి 63 శాతం తగ్గినది. అంటే పన్నును బలహీనపరచేది చికిత్స కంటె ఎక్కువగా, అంతకుముందు పుచ్చు తినివేసిన భాగం. మిగిలిన గోడలు విడిపోకుండా తొడుగు పట్టి ఉంచుతుంది. అమెరికా భీమా లెక్కలలోని సుమారు 14 లక్షల 60 వేల పళ్ళను 2004లో పరిశీలించినపుడు, చికిత్స పొందిన పళ్ళలో 97 శాతం ఎనిమిది సంవత్సరాల తరువాత కూడా నోటిలోనే ఉన్నట్లు తెలిసినది. పీకవలసి వచ్చిన పళ్ళలో 85 శాతానికి పూర్తి తొడుగు లేదు.

చికిత్స పొందిన పన్ను మరల పుచ్చదనుకొనరాదు. డెంటిన్, పింగాణి పొర మునుపటివే. బాక్టీరియా, చక్కెర మునుపటివే. కాని ఈసారి జివ్వుమని హెచ్చరించే గుజ్జు లేదు. కావలి లేని ఇంటిని యజమాని తానే చూచుకోవలెను. రోజుకు రెండుసార్లు, ముఖ్యంగా రాత్రి పడుకోబోయే ముందు, ఫ్లోరైడు గల పేస్టుతో మెత్తని బ్రష్షు వాడి తోమవలెను. తొడుగు చిగురును తాకే అంచువద్ద శ్రద్ధ ఎక్కువ కావలెను. పుచ్చు మొదలయ్యేది తరచు అక్కడనే. పళ్ళ సందులను సన్నని దారంతోగాని, సందులకై చేసిన చిన్న బ్రష్షుతోగాని శుభ్రపరచవలెను. బొగ్గుపొడి, ఇటుకపొడి పంటిని అరగదీస్తాయి. పొగాకు, గుట్కా చిగుళ్ళను, ఎముకను చెరుపుతాయి. పన్నును పట్టి ఉంచే నారల జీవం చిగుళ్ళ ఆరోగ్యంపైనే ఆధారపడి ఉన్నదని మరువరాదు.

కరిగిన ఎముక తిరిగి నిండడానికి నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరాలు పడుతుంది. అందుచేత ఒక సంవత్సరం తరువాత ఎక్స్-రే తీయించి చూపించుకొనడం అవసరం. నొప్పి రోజురోజుకూ పెరిగినా, ముఖమో చిగురో వాచినా, జ్వరం వచ్చినా, చిగురుపై మొటిమవలె లేచి చీము కారినా, పూడిక ఊడినా ఆలస్యం చేయరాదు. వాపు వల్ల మింగడం, ఊపిరి తీయడం కష్టమైతే వెంటనే ఆసుపత్రికి పోవలెను. చికిత్స ఫలించని పన్నుకు రెండవసారి కాలువ శుభ్రపరచవచ్చును. కొన్నింటికి వేరు కొనను కోసి తీయవచ్చును. వేరు నిలువునా పగిలిన పన్నును మాత్రం సాధారణంగా పీకవలసినదే. ఈ నిర్ణయాలు చేయవలసినది శిక్షణ పొంది, చట్టప్రకారం నమోదైన వైద్యుడు. తిరునాళ్ళలో పంటి పురుగు తీసి చూపేవాడు కాదు.

రెండు భయాలు

పై పన్ను పీకించుకొంటే కంటిచూపు పోతుందని తెలుగునాట చాలామంది నమ్ముతారు. కంటిచూపు నరం వేరు, పళ్ళకు పోయే నరం వేరు. ఒకటి పోతే రెండవది పోదు. ఈ భయంతో కొందరు పీకవలసిన పన్నును కూడా ఉంచుకొని బాధపడతారు. 1910 తరువాత పాశ్చాత్య దేశాలలో వ్యాపించిన భయం దీనికి సరిగా ఎదురైనది. నిలుపుకోదగిన పళ్ళను అది పీకించినది. ఒకటి నిరక్షరాస్యుల నమ్మకమని, రెండవది పండితుల సిద్ధాంతమని పేర్లు వేరుగా పెట్టవచ్చునుగాని, రెండింటిలోనూ జరిగినది ఒకటే. ఒకదాని వెనుక మరొకటి కనబడగానే, మొదటిది రెండవదానికి కారణమని పోలిక చూడకుండానే నిర్ణయించినారు. పన్ను పీకిన కొన్ని ఏళ్ళకు వయస్సు వల్ల చూపు మందగిస్తుంది. కీళ్ళ నొప్పి గలవారి నోటిలో వెదకితే ఒక చెడ్డ పన్ను దొరుకుతుంది.

వేరు కొనవద్ద బాక్టీరియా దొరికినదని అందరూ అంగీకరించిన కాలంలో, అది అక్కడికి ఎట్లు చేరినదని అడిగినవారు ఫిష్, మెక్లీన్. పెద్ద యంత్రాలతో పని లేని ఆ ప్రయోగాన్ని ఉపాధ్యాయులు తరగతిలో నల్లబల్లపై బొమ్మ గీసి వివరించవచ్చును. ఆనాడు ఆ ప్రశ్న అడగనందువల్ల పోయిన పళ్ళు తిరిగి రాలేదు. ఆ తరువాత దంతవైద్యుని కుర్చీలో కూర్చున్నవారికి మాత్రం తమ పన్నును నిలుపుకొనే అవకాశం మిగిలినది. నిలుపుకొన్న తరువాత దానికి కావలి ఉండడం వారి పని.